పెద్దాయన కోటులో బెండ్లు

చలికాలం వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి ఒకసారి కొరికిన ఆదివారం పొద్దున, టైలరుగారి ఇంట్లో ఒక చిన్న ఏర్పాటు జరిగింది. టైలరూ, సొంత పడవ ఉన్న సెలూన్ ఆయనా సముద్రంలో దూరంగా ఉన్న రాళ్ళదిబ్బ దగ్గరికి వెళ్ళి గాలాలు వేస్తారు. టైలరుగారి నాన్న, ఇంట్లోనూ వీధిలోనూ అందరూ 'పెద్దాయన' అనే మనిషి, రేవు చివర కుర్చీ వేసుకుని, ఒడ్డు నీళ్ళలోనే ఒక గాలం వదులుకుని, మధ్యాహ్నానికి బుద్ధిగా ఇంటికొచ్చేస్తాడు. ఇందులో ప్రమాదం ఎక్కడుందో మామూలు మనిషికి కనబడదు. టైలరుగారి భార్యకు కనబడింది. ఆవిడను వీధిలో జాగ్రత్తమ్మ అంటారు.

"రేవు తడిగా ఉంటుంది. కాలు జారుతుంది" అందావిడ.

"కుర్చీలో కూర్చునేవాడికి కాలెందుకు జారుతుందే?" అన్నాడు టైలరు.

"కుర్చీయే జారొచ్చు."

దానికి తోడు ఆ సాయంత్రం బస్సులో పెద్దాయన కూతురు, అంటే ఆవిడకు వదిన, తండ్రిని చూడటానికి వస్తోంది. పోయినసారి వదిన ఉండగా పెద్దాయన తుమ్మితే, ఆ తుమ్ముకు జాగ్రత్తమ్మ ఏడాది పొడుగునా సంజాయిషీ చెప్పుకుంది. ఈసారి మనిషినే సముద్రానికి అప్పగించి ఏ మొహం పెట్టుకుని నిలబడుతుంది? అందుకని ముందురోజే కుట్టుమిషను ముందు కూర్చుని, పెద్దాయన ఉన్నికోటు లోగుడ్డ విప్పి, మొగుడి గాలాల పెట్టెలో ఉన్న బెండ్లన్నీ ఊడ్చి తెచ్చి లోపల కుట్టేసింది. గాలం దారాన్ని తేల్చే బెండు మనిషిని మాత్రం తేల్చదా ఏం? ఆ కోటు తొడుక్కున్న పెద్దాయన, పరుపు లేచి నడుస్తున్నట్టుగా వాకిట్లోకి వచ్చాడు.

"అమ్మాయ్, చేతులు కిందికి దిగట్లేదు" అన్నాడు.

"చేతులతో పనేముంది మావయ్యగారూ, కూర్చోవడమేగా."

సెలూన్ ఆయన గాలం కర్ర భుజాన వేసుకుంటూ, "బెంగపడకమ్మా, ఈసారి పెద్దాయన్ని వదిలేదే లేదు" అన్నాడు. ఆ మాటకు ఆవిడ ప్రాణం కుదుటపడింది. నిజానికి ఆయన అన్నది రాళ్ళదిబ్బ కింద కాపురముంటున్న ఒక ముసలి చేప గురించి. పెట్టిన ఎరనల్లా తినేసి, గాలం ఉమ్మేసి, ఉన్నచోటి నుంచి కదలకుండా పెత్తనం చేస్తోందని స్నేహితులిద్దరూ దానికి ఇంట్లో మనిషి పేరే పెట్టుకున్నారు. ఈ సంగతి జాగ్రత్తమ్మకు చెప్పలేదు. పెద్దాయనకైతే అసలే చెప్పలేదు.

రేవు దగ్గర చలికి ఒడ్డు చేపలన్నీ అడుగున ముడుచుకుని పడుకున్నాయి. పెద్దాయన గాలం వదిలి చూస్తే ఒక పీత తప్ప పలకరించిన నాథుడు లేడు. "నన్నిక్కడ పారేసి మీరు అసలు చేపల దగ్గరికి పోతారా?" అని ఆయన కుర్చీతో సహా పడవెక్కేశాడు. రాళ్ళదిబ్బ చేరాక టైలరు పెట్టె తెరిస్తే ఒక్క బెండు లేదు. బెండు పట్టి ఉంచకపోతే గాలం తిన్నగా పోయి రాళ్ళ సందులో ఇరుక్కుంటుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, పెద్దాయన కోటులోంచి టకటకమని చప్పుడు వినబడింది. సెలూన్ ఆయన జేబులో ఎప్పుడూ కత్తెర ఉంటుంది.

ఇంట్లో జాగ్రత్తమ్మ అంతకుమించి ఆగలేక ఫోను చేసింది. అవతల ఒకటే గాలి హోరు.

"ఏవండీ, మావయ్యగారు రేవులోనే ఉన్నారా?"

"ఆఁ? వినబడట్లేదు! దిబ్బ దగ్గరున్నాం!"

"పెద్దాయన ఎలా ఉన్నారనీ!"

"పెద్దాయనా? ఇప్పుడే కనబడ్డాడే! నోరు ఇంత తెరుచుకుని!"

ఆవిడ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. "ఒంటిమీద కోటుందా?"

"కోటు కోసేశాం!"

"ఎందుకు కోశారండీ!"

"కొయ్యకపోతే ఎలా తీస్తాం? ఆగాగు... మునిగింది! ఒరే, మునిగింది! లాగు! గట్టిగా లాగు! అదుగో తల పైకొచ్చింది... అయ్యయ్యో, పోయాడే! చేతిదాకా వచ్చి పోయాడే పెద్దాయన!"

ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

గాలం వేసేవాడికి 'మునిగింది' అంటే బెండు మునిగింది, చేప పట్టుకుంది అని. అంతకంటే తియ్యని మాట వాడి చెవికి లేదు. ఇంట్లో కూర్చున్నవాళ్ళకు ఆ మాటకు ఉన్న అర్థం వేరు.

ముందు బస్సు దొరికిందని వదిన సరిగ్గా అప్పుడే సంచీతో గుమ్మంలో అడుగుపెట్టింది.

"ఏమే, నాన్నేడీ?"

"వదినా... కోటు కోసేశారట వదినా..."

"కోటు పోతే పోయింది. నాన్నేడే?"

"ఆయనా అంతే వదినా" అని జాగ్రత్తమ్మ భోరుమంది.

వదిన కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూలబడింది. కాలు పోయి తొక్కుడు మీద పడింది. మిషను తన పని తాను చేసుకుపోయి, మిద్దె మీద అద్దెకుండే బ్యాంకు ఆయన ప్యాంటును ఆమె శాలువ అంచుకు కలిపి కుట్టేసింది. ఆ తరువాత వదిన ఎటు పోయి ఏడ్చినా వెనక ఒక ప్యాంటు నడిచి వచ్చింది. ఆ స్థితిలో దాన్ని గురించి ఎవరు చెబుతారు?

ఏడుపు విని వీధి కదిలింది. ఫొటో స్టూడియో ఆయన పెద్దాయన ఫొటో గోడమీంచి తీసుకుని, "నిలువెత్తు చేయిస్తాను" అని వెళ్ళిపోయాడు. రిటైరైన హెడ్మాస్టరు ఎవరూ అడగకుండానే సంతాపసభకు అధ్యక్షుడై, ప్రసంగం వల్లెవేసుకుంటూ అరుగెక్కాడు.

వదినా మరదళ్ళు ఏడుస్తూ రేవుకు పరిగెత్తారు. అక్కడ గస్తీ పడవ అధికారి విషయం విని టోపీ సర్దుకున్నాడు. "గుర్తుపట్టడానికి ఇంటి మనిషి ఒకరు రావాలమ్మా."

వదిన ప్యాంటుతో సహా వెనక్కి జరిగింది. బక్కెట్టు నిండితేనే భయపడి సగం ఒంపేసే జాగ్రత్తమ్మ, కళ్ళు మూసుకుని పడవెక్కింది. సైరను మోగింది. ఆవిడకు సైరను వినబడలేదు. ఇన్నేళ్ళుగా మావయ్యగారు తన చేతి పని ఏదీ బాగుందని అననే లేదు. ఉప్పెక్కువ అన్నాడు, మడత వంకర అన్నాడు, దిండు ఎత్తు అన్నాడు. ఇక ఏదీ అనడు. వంకలు పెట్టే మనిషి లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుంటే, సముద్రమంటే ఉన్న భయం కూడా చిన్నదైపోయింది.

"అదుగో పడవ!" అన్నాడు అధికారి.

ఆవిడ కళ్ళు తెరిచింది. పడవ అంచున కుర్చీలో, ఒక పక్క చీల్చిన కోటుతో, ఫ్లాస్కు మూతలో టీ తాగుతూ పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"మావయ్యగారూ! ఉన్నారా!"

"లేనని ఎవరు చెప్పారు?" అని ఆయన కోపంగా లేచి నిలబడ్డాడు.

పోయిన ప్రాణం కోసం అంత వేగంగా వచ్చిన గస్తీ పడవ, ఉన్న ప్రాణాన్ని చూసి ఆగడానికి కొంచెం దూరం తీసుకుంది. అది లేపిన అల వచ్చి సెలూన్ ఆయన పడవను ఒక్క ఊపు ఊపింది. పెద్దాయనా, కుర్చీ, టీ మూతా వరసగా నీళ్ళలో పడ్డాయి. కుర్చీ మునిగింది. మూత మునిగింది. కోటులోంచి తీసింది ఒక్క బెండే కాబట్టి, పెద్దాయన మాత్రం సీసా లేచినట్టు గుండెల దాకా లేచి, చేతులు రెండు పక్కలకూ చాపుకుని, నీటి మీద నిటారుగా నిలబడ్డాడు.

"అమ్మాయ్!" అని కేకేశాడు. "కుట్టు గట్టిదే!"

జాగ్రత్తమ్మ అప్పుడు ఏడ్చిన ఏడుపు ముందు పొద్దుటి ఏడుపు ఎందుకూ పనికిరాదు.

పెద్దాయన్ని పైకి లాగి దుప్పట్లో చుట్టారు. ఒడ్డు కనబడే దూరానికి వచ్చేసరికి ఫోనుకు ప్రాణం వచ్చింది. ఆ శుభవార్త ముందు తనే చెప్పాలని ఆవిడ ఆత్రపడింది.

"వదినా! పెద్దాయన తేలారు! నా కళ్ళముందే తేలారు వదినా!"

అవతల ఒక కేక, ఆ వెంటనే ఏదో బరువుగా కింద పడ్డ చప్పుడు.

వాళ్ళు ఇల్లు చేరేసరికి సభ నిండుగా ఉంది. నిలువెత్తు ఫొటో పక్కన హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు. తడి కోటుతో లోపలికొచ్చిన పెద్దాయన్ని చూసి సగం మంది లేచి పరిగెత్తారు. స్పృహ వచ్చిన వదిన తండ్రిని తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసి, "ఏమే, ఇంత చలిలో నాన్నను తడవనిస్తావా?" అని మరదలి మీద విరుచుకుపడింది. ఆ తిట్టు జాగ్రత్తమ్మ చెవికి హాయిగా ఉంది.

పెద్దాయన ముందు వరుసలో కూర్చుని, "కానివ్వండి మాస్టారూ, నేర్చుకున్నది వృథా ఎందుకు?" అన్నాడు. హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, ఆపినచోటి నుంచి అందుకున్నాడు. "పెద్దాయన మన చేతిదాకా వచ్చి, మన చేతుల్లోంచే జారిపోయాడు!"

ఆ మాటకు నిజంగా కళ్ళు తుడుచుకున్నది సెలూన్ ఆయన ఒక్కడే.