పందికి వీడియో కాల్‌లో సూది

పందుల సంతతి పెరగడానికి మగపంది అక్కర్లేదని సైన్స్ ఎప్పుడో తేల్చింది. గర్భం సూది వేసే మనిషి కూడా పంది దాకా రానక్కర్లేదని ఈమధ్య కుకునూరుపల్లి వైపు తేలింది. ఇంత గొప్ప ముందడుగు చూసి కొందరు గొణుగుతున్నారు. వాళ్లకు బుద్ధి చెప్పడానికే ఈ వ్యాసం!

మొదట గొణిగింది కొండవ్వ. ఆమెకిప్పుడున్న ఆధారం ఒక్క ఆడపంది. కృత్రిమ గర్భధారణ పథకంలో చేరాలంటే ఇంట్లో మగపంది ఉండకూడదన్నారు. ఉన్న ఒక్క మగపందినీ అమ్మేసింది. పంది ఎదకు రాగానే యాప్‌లో ఫొటో పెట్టింది. ఎద రెండు రోజులే ఉంటుంది, అనుమతి మూడో రోజు వచ్చింది. తప్పెవరిది? అనుమతి లేకుండా ఎదకు రావడం పందిదే తప్పు కదా!

రెండోసారి అనుమతి టైముకే వచ్చింది. టెక్నీషియన్ రమాకాంత్ గారూ వచ్చారు, రోడ్డు దాకా. బైకు దిగకుండానే వీర్యం సీసా, పైపు ఆమె చేతిలో పెట్టి, మిగతాది సాయంత్రం వీడియో కాల్‌లో చెబుతానని ప్రజ్ఞాపూర్ వెళ్లిపోయారు. వర్క్ ఫ్రం హోం సాఫ్ట్‌వేర్ వాళ్ల సొత్తా?

సీసా పాడవుతుందేమోనని కొండవ్వ దాన్ని పక్కింటి ఫ్రిజ్‌లో ఐసు మధ్య పెట్టింది. పంది వీర్యం అంత చలికి బతకదని ఆమెకెవరు చెప్పారు? సాయంత్రం కాల్ వచ్చింది. పంది కదలకుండా నిలబడుతుందో లేదో చూడటానికి దాని వీపు మీద కూర్చోమన్నారు. అరవై ఏళ్ల కొండవ్వ కూర్చుంది. పందికి హుషారు రావాలని ఆయన ఫోన్లోంచే మగపంది అరుపు వినిపించారు. పంది మూతితో పొడిచి కాల్ కట్ చేసింది. కొండవ్వ తనకు తోచినట్టు పైపు పెట్టింది. యాప్‌లో ‘విజయవంతం’ అని పచ్చ టిక్కు పడింది.

పంది మాత్రం చూలు కట్టలేదు. మూడు వారాలకు, అంటే నిన్న, మళ్లీ ఎదకొచ్చింది. ఈసారీ కట్టకపోతే మాంసానికి అమ్ముకోవడమే.

నిన్ననే రమాకాంత్ గారు అదే ఊళ్లో ఒక బర్రెకు సూది వేయడానికి వచ్చారు. బర్రె వాళ్లు ఫోన్ చేసిన అరగంటకే, కొట్టం దాకా, బురదలో నడిచి! కొండవ్వ వెళ్లి పిలిచింది. మీ సందులోకి బైకు రాదన్నారు ఆయన. నేనక్కడే ఉన్నాను.

“బర్రె కాడికి నడిచే వచ్చిన్రు గద సారూ,” అంది కొండవ్వ. “గా కాళ్లతోనే మా వాడకు రారాదా?”

ఆయన చేతులు కడుక్కుని బైకెక్కారు. పథకాన్ని పొగుడుదామని వెళ్లిన నాకు సిగ్గేసింది. పంది ఎద ఈ రాత్రితో అయిపోతుంది. ఈ వ్యాసం అచ్చయ్యేది ఎల్లుండి.