గులాబీ రంగు కుట్ర

"ఈ యూనివర్సిటీలో నేరం చేసి నా కళ్లుగప్పగల మనిషి ఇంకా పుట్టలేదు" అని నిఘా ప్రకటించింది. విన్నది నత్త ఒక్కతే. ఆమె కూడా బ్యూరెట్‌లో మట్టం చూసుకుంటూ తలెత్తలేదు.

ఇద్దరూ కెమిస్ట్రీ ల్యాబులో ఒకే బల్ల పంచుకునే స్నేహితురాళ్లు. ప్రతి పనీ నింపాదిగా చేసే అమ్మాయికి నత్త అనీ, ఎవరి పనీ వాళ్లను చేసుకోనివ్వని అమ్మాయికి నిఘా అనీ పేర్లు స్థిరపడిపోయాయి.

నత్త కిందటేడు ఈ ప్రాక్టికల్స్‌లోనే తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి దుకాణంలో కూర్చోబెడతానని వాళ్ల నాన్న చెప్పేశాడు. ఇవాళే ఆ పరీక్ష. చేయాల్సింది చూడటానికి చిన్న పనే. బ్యూరెట్ గొట్టంలోంచి క్షారాన్ని ఫ్లాస్కులోని ఆమ్లంలోకి చుక్కచుక్కగా వదలాలి. లేత గులాబీ రంగు రాగానే ఆపి, ఎంత ఖర్చయిందో చూడాలి. ఎన్నిసార్లు చేసినా ఆ కొలత ఒకటే రావాలి. నత్తకు మాత్రం ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది.

"నా చెయ్యి వణుకుతోందేమోనే" అంది నత్త దిగులుగా.

"వణుకు కాదు, కుట్ర. ఇది ద్రావణం కాదే, రావణం. ఇందులో ఎవరో ఏదో కలిపారు."

"బ్యూరెట్ నింపింది నువ్వే కదే."

"అందుకే అనుమానితుల్లోంచి నన్ను ముందే తీసేశాను. మన క్లాసు టాపర్ మనల్ని చూసి నవ్వాడు, గమనించావా?"

"గుడ్ మార్నింగ్ చెప్పాడే పాపం."

సరిగ్గా అప్పుడే టాపర్ ల్యాబ్ అసిస్టెంటును వెంటబెట్టుకుని తూకాల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. నిఘా కళ్లు చిన్నవయ్యాయి. బ్యూరెట్ నెత్తిన ఉన్న గరాటును లాక్కుని, వెడల్పు మూతిని తలుపుకు ఆనించి, తోకను చెవిలో పెట్టుకుంది.

"అన్నా, మేడమ్‌కి తెలిసేలోపు దీన్ని వదిలించుకోవాలి" అంటున్నాడు టాపర్.

నిఘా తలుపు తోసుకుని లోపలికి దూకింది. "కదలొద్దు. నీ అసలు రంగు బయటపడింది."

"మెల్లగా తియ్యమ్మా తలుపు, త్రాసు ఊగిపోతోంది" అన్నాడు అసిస్టెంటు.

టాపర్ చేతిలో ఉన్నది చూపించాడు. విరిగిన పింగాణీ గిన్నె. పొద్దున వాడి చేతిలోనే జారిపడిందట.

ఈలోగా నత్తకు ఉదయం నుంచి మొదటిసారి ప్రశాంతంగా పని చేసుకునే వీలు దొరికింది. మళ్లీ చేసింది. ఇంకోసారి చేసింది. నమ్మకం చాలక మరోసారి చేసింది. కొలతలన్నీ ఒకటే వచ్చాయి. ఆమెకు కళ్లు చెమర్చాయి.

పరీక్ష పెట్టే మేడమ్ వచ్చి, కొలతలు చూసి, తర్వాత టాపర్‌తో పాటు బయటికొచ్చిన నిఘా చేతిలోని గరాటును చూశారు.

"ఇందాకటిదాకా ఇది బ్యూరెట్ మీదే ఉందా?"

"ఉంది మేడమ్" అంది నత్త.

"అదీ సంగతి. నింపాక గరాటు తీసేయాలమ్మా. దానికంటుకున్న చుక్కలు లోపలికి కారుతుంటే కొలత ఎలా కుదురుతుంది? ఇప్పుడు బాగా చేశావు. పాసయ్యావు పో."

నిఘా గొంతు సవరించుకుంది. "ముద్దాయిని స్వయంగా అదుపులోకి తీసుకున్నది నేనే మేడమ్."

"సంతోషం. మరి దీన్ని అక్కడ వదిలేసిందెవరు?"

నిఘా గదిలో ఉన్న ఒక్కొక్కరి మొహం తేరిపార చూసింది. టాపర్ భయంతో తల దించుకున్నాడు. నత్త మాత్రం ఆమెనే చూస్తోంది.

"కొన్ని కేసులు తేలకుండా ఉండటమే సమాజానికి మంచిది మేడమ్" అంది నిఘా, గరాటు కడగడానికి బయల్దేరుతూ.