బీగం లేని పద్దెనిమిదో రూము

కెమ్మన్నుపేట పురసభ అధ్యక్ష ఎన్నికకు ముందు మూడు రోజులూ తమ పక్షం సభ్యులు పద్దెనిమిది మందీ "స్వచ్ఛంద అభివృద్ధి చింతన శిబిరం"లో గడుపుతారని కాబోయే అధ్యక్షులు గోవిందప్పగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. సభ్యులే తమ వార్డుల గురించి ఏకాంతంగా ఆలోచించుకోవాలని పట్టుబట్టారనీ, ఇందులో రాజకీయం ఆవగింజంత కూడా లేదనీ సెలవిచ్చారు. మరి రూములకు బయటి నుంచి బీగాలు ఎందుకని ఒక విలేకరి అడిగాడు. కోతుల బెడద అన్నారు గోవిందప్పగారు. సెల్‌ఫోన్లన్నీ గోనెసంచిలో ఎందుకు వేశారని ఇంకొకడు అడిగాడు. ఫోను మోగుతుంటే చింతన కుదరదన్నారు. అంత ముందుచూపు ఉన్న మనిషి మా తాలూకాలో ఇంతకు ముందు పుట్టలేదు, ఇకముందు పుట్టే సూచనలూ లేవు.

కోలారు బంగారు గనుల ఊరు గోల్డ్ ఫీల్డ్స్ పక్కనే ఉన్న ఊరు మాది. పోటీలో ఉన్న ఇద్దరూ కాక చెయ్యెత్తే సభ్యులు ముప్ఫై అయిదు మంది. గోవిందప్పగారి వైపు పద్దెనిమిది, ఎదుటి దొడ్డయ్య వైపు పదిహేడు. ఇటు నుంచి ఒక్కడు జారుకుంటే కుర్చీ దొడ్డయ్యది. గనులు మూతపడ్డాక మా తట్టున ఇంత జాగ్రత్తగా దాచిపెట్టిన వస్తువు ఈ పద్దెనిమిది మంది సభ్యులే.

ఆ పద్దెనిమిదో మనిషి సుబ్బరాయప్ప. బజారులో బట్టలంగడి, ఏడో వార్డు నుంచి ఏ పార్టీ లేకుండా గెలిచినవాడు. అతని వార్డులో కొళాయికి పన్నెండు రోజులకొకసారి నీళ్లు వస్తాయి. బోరు వేయిస్తానని మాటిచ్చి గెలిచాడు. శిబిరానికి బయలుదేరే రోజు గంగులమ్మ అనే ముసలమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని అంగడి ముందుకు వచ్చి, ఈసారన్నా బోరు తెస్తావా నాయనా అని అడిగింది. నా ఒక్క ఓటు మీదే అధ్యక్షుడు నిలబడతాడు, ఇవ్వకుండా యాడికి పోతాడు అని సుబ్బరాయప్ప అంగడిలో అందరూ వినేటట్టు చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు తన గొంతు తనకే బాగా నచ్చింది.

శిబిరం బూదికోట దారిలో ఒక పాత బంగళా. ఎవరో తెల్ల కాంట్రాక్టరు దొర కట్టించుకున్నాడు. గనులు జాతీయం చేసిన రోజుల్లో అదీ సర్కారు చేతికి వచ్చింది. ఆస్తుల పట్టీలో తలుపులు రాశారు, తలుపుల బీగాలు రాశారు, బీగంచెవులు రాయడం మరిచారు. అప్పటి నుంచీ ఆ బీగాలు పడవు, పట్టీలో ఉన్నాయి కాబట్టి ఎవరూ ఊడదీయరు. గోవిందప్పగారు కోలారు నుంచి కొత్త బీగాలు తెప్పించి, కొక్కేలు కొట్టించి, పదిహేడు రూములకు స్వహస్తాలతో వేశారు. ఎటైనా జారుకునే రకమని పేరున్న సభ్యుడు బచ్చప్ప రూముకు రెండు బీగాలు వేసి రెండుసార్లు లాగి చూశారు. పద్దెనిమిదోది దొర గుర్రం జీను పెట్టుకున్న చిన్న గది. దాని తలుపుకు లోపల గడియ లేదు, బయట కొక్కెం లేదు, ఉన్న బీగం తిరగదు. గోవిందప్పగారు ఒక నిమిషం ఆలోచించి, మిగిలిన బీగాన్ని జేబులో వేసుకున్నారు.

"నీకేమిటికిలే సుబ్బరాయప్పా, నువ్వు మనోడివి. నీ మీద నమ్మకం ఉండాది" అన్నారు.

సెల్‌ఫోను గోనెసంచిలో వేయబోతే అదీ తీసుకోలేదు. నీకెవురు చేస్తారులే, పెట్టుకో అన్నారు. రాజకీయాల్లో ఒక మనిషిని నమ్ముతున్నామంటే అర్థమేమిటో సుబ్బరాయప్పకు ఆ క్షణాన తెలిసింది. అంగడిలో పట్టుచీరలు అద్దాల బీరువాలో పెట్టి బీగం వేస్తాడు. కట్‌పీసులు బయట గుట్టపోస్తాడు, ఎవరైనా చెయ్యి పెట్టి లాగి చూసుకోవచ్చు. ఇరవై ఏళ్ల వ్యాపారంలో కట్‌పీసు మనసు ఎట్లా ఉంటుందో అతనికి ఎప్పుడూ తట్టలేదు.

మొదటి రోజు సాయంత్రానికి పదిహేడు కిటికీల నుంచీ మూలుగులు మొదలయ్యాయి. రెండు బీగాలు వేసినారప్పా, ఊపిరాడేది లేదు అని బచ్చప్ప కిటికీ ఊచలు పట్టుకుని చెప్పుకున్నాడు. బరువైన వంకీ పెట్టుకున్న ఇల్లాలు భుజం నొప్పి గురించి చెప్పుకునే ధోరణిలో చెప్పుకున్నాడు. ఆ తరువాత, నువ్వు ఖాళీగానే ఉండావు గదా, ఒక సోడా పట్టుకురా అన్నాడు. సుబ్బరాయప్ప తెచ్చాడు. పక్క రూము వాళ్లు వక్కాకు అడిగారు, అవతలి వాళ్లు వేణ్ణీళ్లు అడిగారు. బయట తిరిగే స్వేచ్ఛ ఉన్న ఏకైక ప్రజాప్రతినిధి కాబట్టి రెండో రోజు మధ్యాహ్నానికల్లా పదిహేడు మందికీ సేవకుడయ్యాడు. ప్రజాసేవ అంటే ఇదేనేమో అనుకుంటూ ఇంకో సోడా తేవడానికి పోయాడు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక అతను నడుము వాల్చితే తలుపు తోసుకుని ఒకడు లోపలికి వచ్చాడు. చేతిలో వేషానికి పెరుగు బక్కెట్టు, కళ్లలో తొందర. దొడ్డయ్య మనిషని చూడగానే తెలిసిపోయింది. సుబ్బరాయప్ప గుండె ఝల్లుమంది. దడుపుతో కాదు, సంతోషంతో. లేచి కూర్చుని, జుట్టు సర్దుకుని, నేను అమ్ముడుపోయే మనిషిని కాదని ముందుగానే చెప్పేశాడు.

"నిన్నెవురు అడిగినారప్పా. బచ్చప్ప రూము యాడ?" అన్నాడు వచ్చినవాడు.

నేనూ సభ్యుణ్ణే, ఏడో వార్డు అన్నాడు సుబ్బరాయప్ప. వాడు తలుపును ఒకసారి, మనిషిని ఒకసారి చూశాడు.

"బీగం లేని రూములో సరుకు ఉండదని మా దొడ్డయ్యన్న చెప్పి పంపినాడు" అని, పోతూ పోతూ తలుపు దగ్గరికి వేశాడు. అది మళ్లీ తెరుచుకుంది.

మూడో రోజు పొద్దున సుబ్బరాయప్ప సిగ్గు విడిచి గోవిందప్పగారిని బీగం అడిగాడు, దాంతోపాటు బోరు కూడా అడిగాడు. ఆయన ఆప్యాయంగా భుజం తట్టారు. బోర్లు ఉన్నవి రెండే, పోయేవాళ్లను ఆపడానికి ఇవి, నువ్వు పోవు గదా అన్నారు. ఇంత సూటిగా ఎవరైనా మాట్లాడితే కోపం రావాలి. సుబ్బరాయప్పకు కోపానికి బదులు గంగులమ్మ చంకలోని బిందె కళ్ల ముందుకు వచ్చింది. బీగం ఉంటే సరుకు, సరుకైతే బోరు. తలుపు మూసుకుంటే తప్ప వార్డుకు నీళ్లు రావు. లెక్క అంతే అని తేలాక పనిలోకి దిగాడు.

ముందు కుర్చీ ఆనించాడు. పిల్లి తోసుకుని వచ్చింది. పంచె చింపి తలుపు పిడికి కట్టి, రెండో కొస కిటికీ ఊచకు ముడేశాడు. అదే పిల్లి, ఈసారి పిల్లలతో వచ్చింది. చివరికి బంగళా కావలి మునివెంకటప్పను పిలిచాడు. మునివెంకటప్ప తాత చిత్తూరు పక్క పల్లె నుంచి గని పనికి వచ్చినవాడు. ఇతనూ ముప్ఫై ఏళ్లు భూమి అడుగున టింబరు పని చేశాడు. తవ్విన చోట రాయి మీద పడకుండా ఈ గోడకూ ఆ గోడకూ మధ్య దుంగ బిగించడం ఆ పని. అతను తలుపు చూశాడు, ఎదుటి గోడ చూశాడు, బెత్తలతో కొలిచాడు. ఒక లావుపాటి నీలగిరి దుంగ తెచ్చి తలుపుకూ ఎదుటి గోడకూ మధ్య అడ్డంగా నిలిపాడు. గోడ దగ్గర మిగిలిన సందులో కొయ్య చీలిక పెట్టాడు.

"నేను పోయినాక దుంగను మళ్లా ఇట్లే నిలిపి ఈ చీలిక మీద రెండు దెబ్బలు కొట్టప్పా, చాలు. బయట నుంచి తోసేకొద్దీ ఇది కిందికి దిగి బిగుసుకుంటాది. మా గనిలో కొండే తోసేది, అయినా కదిలేది కాదు" అంటూ దుంగను ఒకసారి నిమిరాడు.

సుబ్బరాయప్ప రెండు దెబ్బలే కొట్టాలనుకున్నాడు. మొదటిది గోవిందప్పగారి నమ్మకాన్ని తలుచుకుని కొట్టాడు. రెండోది పెరుగు బక్కెట్టువాణ్ణి తలుచుకుని. ఆ తరువాత బచ్చప్ప సోడా గుర్తొచ్చింది, వక్కాకు గుర్తొచ్చింది, పిల్లి గుర్తొచ్చింది. చెయ్యి నొప్పి పుట్టి ఆపేసరికి ఇరవై దాటాయి.

ఫలితం సాయంత్రానికే కనిపించింది. బచ్చప్ప సోడా కోసం అరిస్తే పలికే దిక్కు లేదు. గోవిందప్పగారు వచ్చి పద్దెనిమిదో తలుపు తోశారు. కదల్లేదు. నలుగురిని పిలిచి తోయించారు. రెక్క ఇసుమంత కూడా జరగలేదు. లోపల ఎవరితో మాట్లాడుతున్నావని అడిగారు. సుబ్బరాయప్ప జవాబుగా ఒకసారి దగ్గాడు. ఎవరు వచ్చి పోయారని అడిగారు. ఇంకోసారి దగ్గాడు. మూడో దగ్గుకు గోవిందప్పగారి గొంతు మారిపోయింది.

"అప్పా సుబ్బరాయప్పా, రేపు చెయ్యెత్తు చాలు. నీ వార్డుకు బోరు. మా అమ్మ మీద ఆన" అన్నారు.

సుబ్బరాయప్ప మంచం మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై ఆరేళ్ల జీవితంలో ఇంత ఖరీదైన మనిషిని కావడం ఇదే మొదటిసారి, అదీ ఒక నీలగిరి దుంగ పుణ్యాన, అనుకున్నాడు. ఆ సంతోషంలో చీలిక మీద ఇంకో రెండు దెబ్బలు వేశాడు.

పొద్దున పది గంటలకు బయలుదేరాలి. ఓటింగు పదకొండుకు. సుబ్బరాయప్ప తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దుంగ మీద చెయ్యి వేశాడు. అది రాదు. కాలితో తన్నాడు, రాదు. చీలిక తల దుంగతో సమానంగా లోపలికి దిగిపోయి ఉంది, పట్టుకోవడానికి అంచు లేదు. బయట పదిహేడు మంది సభ్యులు వరుసగా వచ్చి తలుపు తోశారు. పార్టీ చరిత్రలో అందరూ ఒకే దిక్కుకు తోసింది ఆ రోజే. తోసిన ప్రతిసారీ చీలిక ఇంకాస్త బిగుసుకుంది. చివరికి మునివెంకటప్పను వెతికి పట్టుకొచ్చి, తియ్యమన్నారు.

"తీసేదా?" అన్నాడతను, ఏదో అపచారం విన్నట్టు. "గనిలో పెట్టిన దుంగను ఎవురన్నా తీస్తారా అప్పా? ముప్ఫై ఏండ్లు పెట్టేదే చేసినాను. తీసేది నాకు ఎవురూ నేర్పలేదు."

గోవిందప్పగారు గడియారం చూసుకున్నారు. పదిన్నర. ఒక్క నిమిషం బచ్చప్ప వైపు ఆలోచనగా చూశారు. వెనకాలే రా అప్పా అని తలుపుకు చెప్పి, పదిహేడు మందినీ వ్యానులో ఎక్కించుకుని వెళ్లిపోయారు. సుబ్బరాయప్ప ఫోను తీసి గోవిందప్పగారికి చేశాడు, ఎత్తలేదు; ఒక్కొక్క సభ్యుడికీ చేశాడు. పదిహేడు ఫోన్లూ ఆ వ్యానులోనే గోనెసంచిలో, ఆఫ్ చేసి ఉన్నాయి. మునివెంకటప్ప కిటికీ ఊచల మధ్య నుంచి ఒక రంపం బ్లేడు అందించాడు. పుట్టి బుద్ధెరిగాక బట్ట తప్ప ఇంకేమీ కోయని సుబ్బరాయప్ప ఇస్త్రీ చొక్కా తడిసేలా దుంగ కోశాడు. కోస్తూ ఒకసారి గట్టిగా ఏడ్చాడు. ఓటు పోయిందని కాదు, బోరు పోయిందని. దుంగ విరిగేసరికి పన్నెండున్నర.

ఆటోలో పురసభ ఆఫీసుకు పోతే ముందర టపాకాయలు పేలుతున్నాయి. దొడ్డయ్య మనుషులే అనుకుని తల వంచుకుని దిగాడు. తీరా చూస్తే దండలన్నీ గోవిందప్పగారి మెడలో ఉన్నాయి. పద్దెనిమిదికి పదిహేడు, మనమే గెలిచినాము అని ఎవడో చెవిలో అరిచాడు. సుబ్బరాయప్ప వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదిహేడే వచ్చింది. గోవిందప్పగారు అతన్ని చూసి జనంలో నుంచి గబగబా వచ్చి, చెయ్యి పట్టుకుని గోడ పక్కకు లాక్కుపోయారు.

"ఆఫీసరు చేతులు లెక్కపెట్టినాడప్పా. బచ్చప్ప రెండూ ఎత్తినాడు. దొడ్డయ్య వాళ్లు వాళ్ల చేతులు ఎంచుకునేదాంట్లో ఉండారు, ఎవురూ చూడలేదు" అని గుసగుసగా చెప్పి, సుబ్బరాయప్పను కావలించుకున్నారు. "నువ్వు రాకుండా పోయి మమ్మల్ని కాపాడినావు. వచ్చింటే పంతొమ్మిది అయ్యేది, దొంగలెక్క బయటపడేది. ఇంగ ఫోటోల్లో పడకుండా ఇంటికి పో."

సుబ్బరాయప్ప కదల్లేదు. బోరు సంగతి అడిగాడు. గోవిందప్పగారు నొచ్చుకున్నారు. చెయ్యెత్తినోళ్లకే గదప్పా బోరు, నీ చెయ్యి కూడా బచ్చప్పే ఎత్తినాడు గదా అన్నారు.

మర్నాడు పేపర్లో గెలిపించిన పద్దెనిమిది మంది పేర్లూ వేశారు. ఏడో వార్డు సుబ్బరాయప్ప ఎటువంటి ప్రలోభాలకూ లొంగలేదని ప్రత్యేకంగా రాశారు. వార్డు జనం అంగడికి వచ్చి చెయ్యి కలిపారు. అతనూ కలిపాడు, కాదనే ధైర్యం లేక. పది రోజులకు బోరు లారీ వచ్చింది. గంగులమ్మ పసుపు కుంకుమ పళ్లెం పట్టుకుని వీధి మొదట్లో నిలబడింది. లారీ ఏడో వార్డు దాటి, బచ్చప్ప వార్డులోకి తిరిగింది. వెనకనే రెండోది కూడా అదే దారిన పోయింది. గంగులమ్మ పళ్లెం దించలేదు. ఇంకొకటి వస్తుందేమో అని మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడింది. సుబ్బరాయప్ప అంగడి తలుపులు వేసుకుని ఇంటికి వచ్చేశాడు.

సాయంత్రం అతని భార్య నాగరత్న బచ్చప్ప వార్డుకు నీళ్లకు బయలుదేరింది. ఒక బిందె తను తీసుకుంది, రెండోది మొగుడి ముందు పెట్టింది.

"పేపర్లో చదివినాను. మీరు చెయ్యెత్తితేనే ఆయన గెలిచినాడంట గదా" అంది. "ఇంగ ఆ చేత్తోనే ఇది కూడా ఎత్తుకోండి."