లోయలో పడినవాడే ఫస్టు

కార్ల పందెం వీడియోగేమ్ ఆడని డ్రైవరును తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కనివ్వడం నేరం! మాట కాస్త కటువుగా ఉందా? పిల్లలు చెడిపోతున్నారని, కళ్లు పోతున్నాయని గేమ్‌లను ఆడిపోసుకునే పెద్దలు ఒకసారి తిరుపతిలో ట్రావెల్స్ నడిపే జయరామ్ గారి ఆఫీసుదాకా రండి. గేమ్ అనేది ప్రాణాలు ఎలా కాపాడుతుందో అక్కడ రుజువైంది.

జయరామ్ గారివి పదకొండు బండ్లు. వాటిలో ఎనిమిదో నంబరుది ఢిల్లీబాబు తోలుతాడు. ఇరవై రెండేళ్లుగా యాత్రికులను కొండకు ఎక్కించి దించుతున్నాడు. ఇంతవరకు సైడు అద్దం కూడా పగలగొట్టుకోలేదు. అలాంటి మనిషికి రెండు నెలలుగా తిండి సయించడం లేదు. బ్రేకు పెడలు తొక్కితే అడుగుదాకా పోతోంది.

"సార్, ఎనిమిదో నంబరుకు బ్రేకు దిగిపోయుండాది," అని మూడుసార్లు చెప్పాడు.

"పార్టు దొరకలేదప్పా. గేర్లుండేది దేనికి? ఇంజను మీద దించు," అని మూడుసార్లూ జయరామ్ ఊరడించారు.

పని మానేయవచ్చు. కానీ ఆ తాళంచెవి ఇంకొకడి చేతికి పోతుంది, వాడికి ఆ పెడలు సంగతి తెలియదు. అందుకని ఢిల్లీబాబు రోజూ రెండో గేరులో, ప్రాణాలన్నీ అరికాల్లో పెట్టుకుని దిగుతున్నాడు.

ఇంతలో జయరామ్ కొత్త బండి కొన్నారు. ఎవరికివ్వాలి? పాతకాలపు యజమాని అయితే సర్వీసు చూసేవాడు. జయరామ్ గారిది శాస్త్రీయ దృక్పథం. జపాను కొండదారుల్లో కార్ల పందేలాడే గేమ్ ఒకటి తెప్పించి, పెద్ద టీవీ, స్టీరింగు, పెడళ్లతో సహా ఆఫీసులో బిగించారు.

"కొండ దిగేదాంట్లో ఎవురు ఫస్టొస్తే వాళ్లదే కొత్త బండి," అని ప్రకటించారు.

ఆయన తల్లి ఆనందమ్మ ఓ మూల కుర్చీలో కూర్చుని మల్లెలు కడుతూ అంతా చూస్తోంది.

పోటీకి ఇద్దరు దిగారు. ముందు కారు ఎంచుకోవాలి. తెర మీద ముప్ఫై కార్లు పెళ్లికూతుళ్లలా ఒక్కొక్కటే తిరిగి చూపించుకున్నాయి. ఢిల్లీబాబు వాటి డిక్కీలు చూస్తున్నాడు.

"ఇదేంది సార్, రెండే సీట్లు. ముసిలోళ్లను యాడ కూర్సోబెట్టేది?"

"మనుషులెవురూ ఎక్కరప్పా."

"లగేజీ?"

"అదీ లేదు."

"మరి యాల పోతా ఉండాం సార్ ఆ కొండకు?"

ఈ ప్రశ్నకు ఆ గేమ్ తయారుచేసినవాళ్ల దగ్గర కూడా జవాబు ఉండదు.

ఆరు నెలల కిందట డ్రైవరుగా చేరిన జోయల్, వెనక రెక్క ఉన్న నీలం కారు పట్టాడు. ఢిల్లీబాబు వెతికి వెతికి తెల్ల కారు తీశాడు. నాలుగు తలుపులు, వెడల్పాటి అద్దం, బానెట్ మీద పసుపు కుంకుమలకు చోటు. ఇంకేం కావాలి?

జోయల్ దిగిన తీరు చూసి తీరాలి! మలుపులో కారును అడ్డంగా జారిస్తే దాన్ని డ్రిఫ్ట్ అంటారట. మన యాత్రికులైతే రెండో మలుపుకే ప్లాస్టిక్ కవరు అడుగుతారు. అక్కడ అడిగేవాళ్లు లేరు గనుక జోయల్ జారించి జారించి మూడుసార్లు లోయలో పడ్డాడు. పడ్డప్పుడల్లా ఒక మీట నొక్కాడు, కారు తళతళలాడుతూ రోడ్డు మీదికొచ్చి నిలబడింది. ఎంత గొప్ప సదుపాయం! మన కొండకు ఇంతవరకు ఎందుకు పెట్టలేదో?

తర్వాత ఢిల్లీబాబు వంతు. కాలికింద బ్రేకు తొక్కి చూసి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. ఎంత బిర్రుగా ఉంది! నాలుగో మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. తిరుమలకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. దిగేటప్పుడు ఎదురుబండి రావడం అతను పుట్టి ఎరగడు.

"దిగే దోవలోకి వీణ్ణెవుడు సార్ వదిలింది?" అంటూ ఓరగా తీసి, లారీని పోనిచ్చి, మళ్లీ కదిలాడు.

ఒక్క గీటు పడలేదు. జోయల్ పడుతూ లేస్తూ పోగొట్టుకున్న సమయమంతా కలిసొచ్చి, గెలుపు గీత కనిపించేసరికి అతని టైముకు ఇంకా ఇరవై సెకన్లు చేతిలో ఉన్నాయి. అప్పుడు ఢిల్లీబాబు కారు పక్కకు తీసి ఆపేశాడు.

"ఆపినావేందన్నా? పో," అన్నాడు జోయల్.

"టైము కాలేదబ్బా. ఇప్పుడే గేటు దాటితే ఫైను రాస్తారు."

కొండ మీద బయలుదేరేటప్పుడు చీటీ మీద టైము వేస్తారు. కింది గేటుకు మరీ త్వరగా చేరితే వేగంగా తోలినట్టే, జరిమానా. ముందుగా దిగినవాళ్లు కాస్త ఎగువన బండి ఆపి, టైము చూసుకుని కదులుతారు. ఇరవై రెండేళ్ల అలవాటు జపాను వెళ్లినంత మాత్రాన పోతుందా? ఢిల్లీబాబు స్టీరింగు వదిలి కాళ్లు చాపుకున్నాడు.

మూడుసార్లు లోయలో పడినవాడు ఫస్టు. గీటు పడకుండా దిగినవాడు లాస్టు. కంప్యూటరు చెప్పాక తిరుగేముంది? తాళంచెవి అందుకుంటున్న జోయల్ మాత్రం తలెత్తలేదు.

ఆనందమ్మ దండ కొసన ముడి వేసింది. "రేయ్ జయరామా, రేప్పొద్దన నేను గుండుకు కొండకు పోవల్ల గదా. ఢిల్లీబాబును రమ్మను."

"జోయల్ వస్తాడు లేమ్మా. కొత్త బండి."

"మూడు మాట్లు పడినోడితోనా? ఆ మీట యాడుండాదో నాకు తెలీదు నాయనా."

"ఢిల్లీబాబుది పాత బండమ్మా."

"పాతదైతే ఏమి? దినామూ జనాలు పోతా ఉండారు గదా దాంట్లో."

ఢిల్లీబాబు లేచి నిలబడ్డాడు.

"ఆ బండి మీరెక్కొద్దమ్మా. బ్రేకు పట్టదు."

"ఎన్నాళ్లుగా?"

"రెండు నెల్లు."

ఆమె కొడుకును చూడలేదు. టీవీ కిందున్న పెడళ్లను చూసింది. "మరి దీని బ్రేకో?"

"దీనిది బాగుండాదమ్మా," అన్నాడు ఢిల్లీబాబు.

వెంటనే మెకానిక్ ఎల్లప్పకు ఫోను వెళ్లింది. రెండు నెలలుగా దొరకని పార్టు గంటన్నరలో దొరికింది! మర్నాడు ఆనందమ్మ కొత్త గుండుతో ఎనిమిదో నంబరులో క్షేమంగా దిగింది. గేటుకు ఎగువన టైము కోసం ఆగినప్పుడు ఢిల్లీబాబుకు లడ్డూ విరిచి పెట్టింది.

ఇప్పుడు చెప్పండి, గేమ్ వరమా కాదా? కాబట్టి ట్రావెల్స్ యజమానులందరూ తక్షణం ఈ గేమ్ కొని, పక్కనే ఒక కుర్చీ వేసి, అందులో కన్నతల్లిని కూర్చోబెట్టవలసిందిగా మనవి.

"మిగతా బండ్లు కూడా చూడమంటారా సార్?" అని ఎల్లప్ప అడిగాడట. "పార్టు దొరకలేదప్పా," అన్నారట జయరామ్.

నిజమే, ఆయన ఇబ్బంది ఆయనది. కొత్తదానితో కలిపి బండ్లు పన్నెండు. తల్లి ఒక్కతే.