ఎర్ర విత్తనానికి పదకొండు దేశాల జవాబు

ప్రపంచం ఆకలి తీర్చే బాధ్యత చివరికి మా మైలవరం దగ్గరి ఎకరన్నర నల్లరేగడి మీద పడింది. పదకొండు దేశాలు కలిసి ఎండకు తట్టుకునే గోధుమను కనిపెట్టదలచి, ముందుగా ఎండ ఎక్కడుందో వెతికాయి. పులివెందులను కూడా చూశారు గానీ, ఆ పొద్దు అక్కడ మబ్బు పట్టిందని వదిలేశారు. జమ్మలమడుగు పక్కన కావలసినంత దొరికింది. (మేము పుట్టినప్పటి నుంచి ఆ ఎండలోనే ఉన్నాం. మమ్మల్ని ఎవరూ కనిపెట్టలేదు.)

మా వైపు శనగ వేస్తారు, పత్తి వేస్తారు, గోధుమ వేయరు. ఆ మాట ప్రాజెక్టు సమన్వయాధికారి వివేక్ సారుతో అంటే, అందుకే వచ్చామన్నారు. అదును దాటాక విత్తి, ఎండలు ముదిరేకొద్దీ పైరు ఎలా చస్తుందో చూడడమే ప్రయోగమట. పండితే ప్రయోగం చెడినట్టు. ఏ దేశం సాయమూ లేకుండా ఏళ్ల తరబడి ఇదే ఫలితం సాధిస్తున్న మా రైతులు పెద్దగా ఆశ్చర్యపోలేదు.

విత్తనాలు దేశానికో సంచిలో వచ్చాయి. ఏదో మందు పూసి ఎర్రగా ఉన్నాయి. సంచి మీద అంకె తప్ప పేరు లేదు. ఏ గింజకు ఏ మందు పూశారో పొలంలో ఎవరికీ తెలియకూడదట, తెలిస్తే ఆ గింజను ముద్దు చేస్తామట. వివేక్ సారుకు కూడా తెలియదు. తెలియకపోవడంలో ఆయనకు మంచి అనుభవం ఉంది.

విత్తే రోజు అంగన్‌వాడీ టీచరమ్మను ఏదో సర్వేకు పంపారు. అందుకని రెండేళ్ల నా కూతురు కెజియాను గట్టు మీద కూర్చోబెట్టి, సాళ్లలో గింజలు వేస్తున్నాను. తిరిగి చూసేసరికి పిల్ల నోరు వక్కాకు నమిలినట్టు ఎర్రగా ఉంది. గుప్పిట్లో ఇంకా కొన్ని గింజలున్నాయి.

వేలు పెట్టి లాగగలిగినవి లాగాను. వివేక్ సారు దగ్గరికి పరుగెత్తాను.

"సార్, పాప ఇత్తనాలు తినేసింది. ఇది ఏం మందు?"

సారు ముఖం పాలిపోయింది. అది చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"ఏ సంచిలోవి తిన్నది? గింజలు తగ్గితే ఆ దేశానికి నేను జవాబు చెప్పుకోవాలమ్మా," అన్నారు.

మా ఆయన మేనమామ యాకోబు మామ ఆటోలో ప్రొద్దుటూరు పోయాం. దారిలో పిల్ల వాంతి చేసుకుంది, తర్వాత మగతగా పడుకుంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది ఒక్కటే, మందు పేరు. తెలిస్తే దానికి తగ్గ వైద్యం చేస్తానంది. తెలియకపోతే సెలైన్ పెట్టి చూస్తూ ఉంటానంది. నేను సారుకు ఫోన్ చేశాను. సారు పైవాళ్లకు చేశారు. పైవాళ్లు ఇంకా పైకి చేశారు. అక్కడ పదకొండు దేశాలున్నాయి.

మధ్యాహ్నానికల్లా కంప్యూటర్లలో అత్యవసర సమావేశం కూర్చుంది. (ఒక దేశం నిద్రలో ఉంది. అభ్యంతరం చెప్పలేదు కనుక అన్నిటికీ ఒప్పుకున్నట్టు రాసుకున్నారు.) విత్తనం పంపిన దేశం, సరిహద్దు దాటిన గింజ తమది కాదంది. తెప్పించుకున్న దేశం, నేలలో పడని గింజ ఇంకా తమది కాలేదంది. అంటే ఆ పూట నా కూతురి కడుపులో ఉన్నది ఎవరిదీ కాదు. ఇక మందు పేరు బయటపెడితే దేశాల మధ్య నమ్మకం దెబ్బతింటుందని అందరూ ఒక్క మాటగా తేల్చారు. ఈ ప్రాజెక్టులో అన్ని దేశాలూ ఒక్క మాట మీదికి రావడం ఇదే మొదటిసారని సారు ఫోన్‌లో సంతోషించారు.

"సార్, నేను దుడ్లు అడగల్యా, ఇంగేమీ అడగల్యా. పేరొక్కటి చెప్పండి. పిల్ల ఇంగా కండ్లు తెరవల్యా."

కనుక్కుంటున్నామన్నారు. గొంతు తగ్గించి, సమావేశం తరఫున ఒక విన్నపం కూడా వినిపించారు. ఆ గింజలు అరుదైన రకమట. పాప కడుపులోంచి బయటికి వచ్చినవాటిని కడిగి, నీడన ఆరబెట్టి, తిరిగి అప్పగించాలట.

మామ నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "ఏమప్పా, నువ్వే వచ్చి ఎత్తకపో. డైపరుతో సహా ఇస్తాం. సంతకం పెట్టి తీసకపో."

సంతకం ఎక్కడ పెట్టాలని సారు అడిగారు.

మరునాడు పొద్దున కెజియా కళ్లు తెరిచి, సూది ఉన్న చెయ్యి విదిలించి, బన్ను అడిగింది. తాను దేనికి వైద్యం చేసిందో తనకూ తెలియదని డాక్టరమ్మ చెప్పి పంపింది. ఆనాటి నుంచి పిల్ల దగ్గినా, తుమ్మినా, కాస్త ఎక్కువసేపు పడుకున్నా, నేను ఆ పేరు లేని మందును తలుచుకుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను.

ఏప్రిల్‌లో పొలంలో షామియానా వేసి క్షేత్ర దినోత్సవం చేశారు. గోధుమ నిలువునా ఎండిపోయింది కనుక అందరూ సంతోషంగా ఉన్నారు. పిల్లను చంకనేసుకుని వెళ్లి, వివేక్ సారును అతిథుల ముందే అడిగాను.

"ఆ మందు ఏందో ఇంగా చెప్పలేదు సార్. ముందు ముందు పిల్లకేమన్నా చేస్తాదా?"

ఆ సంగతి ఎప్పుడో తేలిపోయిందన్నారు సారు. విత్తనం తిన్నవాటి కింద నివేదికలో ఎలుకలకూ పిట్టలకూ మాత్రమే చోటుందట. ఎలుక అంటే బాగుండదని నా కూతురిని పిట్టల్లో చేర్చారట.

"తిన్న పిట్ట బతికింది, కాబట్టి మందుతో ప్రమాదం లేదని పదకొండు దేశాలూ ఒప్పుకున్నాయమ్మా."

షామియానా కింద చప్పట్లు కొట్టారు. వచ్చే ఏడు ఇంకా ఘాటైన మందు పూసిన విత్తనాలు వస్తాయట. కూలికి వచ్చే ఆడవాళ్లు పిల్లల్ని వెంట తెచ్చుకోవచ్చని ఆ పూటే అనుమతి ఇచ్చారు.