వెనక పేజీలో రెండు వందల గొడుగులు

మనిషి కనిపెట్టిన వాటన్నిటిలోకీ గొప్పది ఏమిటని నన్నడిగితే, లెక్కల పుస్తకం చివర్లో చిన్న అక్షరాలతో అచ్చువేసే జవాబుల పేజీ అంటాను. నవ్వకండి! నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

మీరే ఆలోచించండి. జీవితంలో ఇంకెక్కడైనా జవాబు ముందే చేతికిస్తున్నారా? పెళ్లి చేసుకునేవాడికి ఇస్తున్నారా? ఇల్లు కట్టుకునేవాడికి ఇస్తున్నారా? మేస్త్రీ పునాదుల దగ్గర నిలబడి "పది లక్షల్లో తేలిపోతుంది సార్" అంటాడు. కప్పు పడేసరికి ఇరవై అవుతుంది. తప్పెక్కడ జరిగిందో చివరి పేజీ తిప్పి చూసుకుందామంటే ఆ ఇంటికి చివరి పేజీ ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది.

అదే అకౌంట్స్, ఎకనామిక్స్ మొదటి పుస్తకం చూడండి. అందులో కాపురముండే వ్యాపారుల్ని చూస్తే నాకు కడుపుమంట. వాళ్లు కొన్న మిషను సరిగ్గా పదేళ్లు పనిచేసి, పదో ఏడు ఆఖరి రోజున, ముందుగా చెప్పిన పాతసామాను ధరకే బుద్ధిగా కన్ను మూస్తుంది. మా ఇంట్లో మిక్సీ వారంటీ తీరిన మర్నాడు పొద్దున్నే పోయింది. పుస్తకంలో ధర పెరిగితే గిరాకీ తలొంచుకుని తగ్గుతుంది. కాకపోతే "ఇతర విషయాలేవీ మారకుండా ఉంటే" అని ఒక చిన్న షరతు పెడతారు. మా అన్నయ్య కొంపలో ఇతర విషయాలేవీ మారకుండా ఒక్క పూట గడవడం నేనింతవరకు చూడలేదు. పుస్తకంలోని యజమాని సొంత ఖర్చుకి ఐదొందలు తీసుకుంటే ఆ సంగతి తనే రాసి పెడతాడట! మా అన్నయ్య తీసిన ఐదొందలు ఏ పద్దులోనూ కనబడవు. వదిన అడిగితే గాలి ఎటు వీస్తోందో చూస్తాడు.

ఇంత చక్కటి లోకాన్ని తప్పుబట్టిన మనిషి ఒకరున్నారంటే మీరు నమ్మరు. ఉన్నారు. ఆవిడ మా వదినే.

మా వదిన మందుల గోదాములో స్టాకు రాస్తుంది. పంతొమ్మిదేళ్లుగా అదే పని. లారీ దిగిన అట్టపెట్టెల్ని లెక్కపెట్టడం, రిజిస్టరులో రాయడం. ఇందులో ఆవిడకో పద్ధతుంది. పెట్టె మీద "వంద సీసాలు" అని అచ్చు గుద్ది ఉన్నా నమ్మదు. ప్రతి పది పెట్టెలకీ ఒకటి విప్పి, సీసాలు స్వయంగా లెక్కపెట్టి, తొంభై ఎనిమిదుంటే తొంభై ఎనిమిదే రాస్తుంది. "పెట్టె మీద ఉన్నది కంపెనీ వాడి మాట, పెట్టెలో ఉన్నది నా మాట" అంటుంది. లారీ డ్రైవర్లు ఆవిణ్ణి చూసి భయపడతారు. గోదాము మేనేజరు కూడా కొంచెం భయపడతాడు.

అంతా బాగానే ఉంది గాని, పంతొమ్మిదేళ్లు సిమెంటు నేల మీద నిలబడితే మోకాళ్లు ఊరుకుంటాయా? మెట్లు ఎక్కేటప్పుడు ఆవిడ గోడ పట్టుకుంటుంది. ఎవరైనా చూస్తే గోడకి సున్నం ఎలా ఉందో చూస్తున్నట్టు నటిస్తుంది. పై అంతస్తులో అకౌంట్స్ సెక్షనుంది. అక్కడ కుర్చీ ఉంది, దానికి చేతులున్నాయి, నెత్తిమీద ఫ్యానుంది. అక్కడికి వెళ్లాలంటే అకౌంట్స్, ఎకనామిక్స్ పరీక్ష పాసవ్వాలి. నలభై ఐదేళ్లు దాటితే రాయనివ్వరు. వదినకి నలభై నాలుగు నిండాయి, ఒకసారి నాలుగు మార్కుల్లో తప్పింది. ఇదే ఆఖరి అవకాశం. కుర్చీయా, సిమెంటు నేలా, ఈ పరీక్షలో తేలిపోవాలి.

అందుకని ఆఫీసు వదిలాక ట్యూషన్‌లో చేరింది. ముప్పై ఆరో లెక్క దాకా బండి సాఫీగా నడిచింది. ముప్పై ఏడో లెక్కలో గొడుగుల ఆయన తగిలాడు.

లెక్క చిన్నదే. ఒక వ్యాపారి గొడుగును మూడు వందలకు కొని ఐదు వందలకు అమ్మును. షాపు అద్దె, జీతాలు కలిపి నెలకు అరవై వేలు. లాభమూ నష్టమూ లేకుండా బయటపడవలెనన్న నెలకు ఎన్ని గొడుగులు అమ్మవలెను?

వదిన బట్టలు మడతపెడుతూ నోటితోనే చేసేసింది. గొడుక్కి రెండొందలు మిగులుతుంది. అరవై వేలు రావాలంటే మూడొందల గొడుగులు. చివరి పేజీ తిప్పింది. 37కి ఎదురుగా 200 అని ఉంది.

మీరైతే ఏం చేస్తారు? నేనైతే మూడొందలు కొట్టేసి రెండొందలు వేసుకుని కాఫీ తాగుతాను. మా వదిన బట్టలు పక్కన పెట్టి కాగితం తీసుకుంది. అటు నుంచి చేసింది, ఇటు నుంచి చేసింది. మూడొందలే. నాలుగు రోజులు చేసింది. అన్నం ముందు కూర్చుని కూడా వేళ్లు మడుస్తుంటే అన్నయ్య భయపడిపోయి, "నేను తీసింది ఐదొందలేనే, ఒట్టు!" అని తనంతట తనే ఒప్పేసుకున్నాడు.

ఆవిడ బాధ లెక్క కుదరనందుకే అనుకున్నాం మేము. అసలు సంగతి వేరు.

"ఆయన రెండొందలు అమ్మి, హమ్మయ్య గట్టెక్కాననుకుని షట్టరు దించేస్తాడు కదయ్యా," అంది నాతో. "చేతిలో నలభై వేలే ఉంటాయి. అద్దెవాడొచ్చి అరవై అడిగితే పాపం ఎక్కణ్ణుంచి తెస్తాడు?"

"ఎవరు వదినా?"

"గొడుగుల ఆయన!"

చూశారా! అచ్చులో ఉన్న మనిషి అద్దె గురించి అచ్చంగా దిగులుపడుతోంది మా వదిన. పిచ్చిమాలోకం అనుకున్నాను. అనుకోవడమేమిటి, పైకే అన్నాను.

ట్యూషన్ మాస్టారు చాలా అనుభవం గల మనిషి. ఎవరో రెండొందలతో భాగించాల్సిన చోట మూడొందలతో భాగించినా, మూడొందలతో భాగించాల్సిన చోట తల గోడకేసి కొట్టుకున్నా, ఆయనకి పట్టదు. ఆయన సిద్ధాంతం ఒక్కటే. వెనక ఏముందో ముందు చూడు, తర్వాత కింద నుంచి పైకి రా. వదిన కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన అరవై వేలని మూడొందలతో భాగించి చూపించి, "రెండొందలొచ్చిందా లేదా?" అన్నాడు.

"మూడొందలు కొన్న ధర కదండీ మాస్టారూ. దాంతో భాగిస్తే ఏమొస్తుంది?"

"రెండొందలొస్తుందమ్మా! మనకి కావాల్సింది అదేగా!"

క్లాసంతా వదిన మీద జాలిపడి తలా ఒక చెయ్యి వేసింది. గోదాములోనే బిల్లులు రాసే కుర్రాడొకడు, అందరూ బిల్లుల తమ్ముడంటారు, వాడు మరీ ఉదారంగా, "మిగతా ఇరవై వేలు గొడుగుల ఆయనకి బావమరిది సర్దాడనుకో అక్కా, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. ఇంకొకరు అద్దెలో మూడోవంతు వచ్చే నెలకి వాయిదా వేశారు. ఎంత ఔదార్యం! ఒక్క తప్పు అంకెని నిలబెట్టడానికి ఇరవై మంది ఏకమయ్యారండీ. ఏ పార్లమెంటులో చూశాం ఇంత ఐకమత్యం? జవాబుల పేజీ వరమని నేనంటే ఊరికే అన్నానా?

పరీక్ష ముందు రోజు సాయంత్రం నేనూ నా వంతు సాయం చేశాను. "వదినా, ఆ లెక్క వస్తే మారు మాట్లాడకుండా రెండొందలని రాసెయ్. పేపరు దిద్దేవాళ్ల దగ్గర కూడా ఇదే పుస్తకం ఉంటుంది. గొడుగుల ఆయన నీకేమవుతాడు, మేనమామా?"

"తెలుసయ్యా. రాసేస్తాను," అంది. మోకాలి మీద ఆయింట్‌మెంట్ రాసుకుంటోంది అప్పుడు. "ఎవరి కోసం రాయకపోయినా దీనికోసమైనా రాస్తాను."

వచ్చింది ఆ లెక్క. ఎనిమిది మార్కులకి వచ్చింది. పరీక్ష నుంచి వదిన ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని మోకాళ్లు నొక్కుకుంటోంది.

"రెండొందలేనా?" అన్నాను.

"రెండొందలనే రాశాను," అంది. నేను చప్పట్లు కొట్టబోయాను. "తర్వాత కొట్టేశాను. చేతులు రాలేదయ్యా. పంతొమ్మిదేళ్లు లేనిది ఉన్నట్టు రాయలేదు, ఇప్పుడెలా రాస్తాను?"

మూడొందలని రాసిందట. రాసి ఊరుకోక, "ఈ వ్యాపారి రెండు వందల దగ్గర ఆగినచో నెలకు ఇరవై వేలు నష్టపోవును" అని కింద గీత గీసి మరీ రాసిందట! నాకు ఒళ్లు మండిపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకాన్ని చూశాను గాని, నాలుగు కాళ్లు లెక్కపెట్టి చూపించి నష్టపోయే మనిషిని ఇప్పుడే చూడటం.

ఫలితాలొచ్చాయి. పాసుకి నలభై. వదినకి ముప్పై ఐదు. గొడుగుల లెక్కకి సున్నా. ట్యూషన్‌లో మిగతావాళ్లందరూ పాసు. బిల్లుల తమ్ముడు పై అంతస్తులో చేతుల కుర్చీలో కూర్చున్నాడు. మంచివాడే, మర్నాడే మిఠాయి పొట్లం పట్టుకుని కిందికొచ్చాడు. నిలబడి నిలబడి చివరికి అన్నాడు, "నాక్కూడా మూడొందలే వచ్చిందక్కా. రాయలేదంతే." వదిన మిఠాయి తీసుకుని, వాడి తల మీద చెయ్యి వేసి పంపించింది. వాడు వెళ్లాక పెట్టెల వెనక్కి వెళ్లి ఏడ్చిందని అన్నయ్యకి గోదాము ఆయా చెప్పింది. మాకు వదిన చెప్పలేదు.

ఇంకొకరైతే అక్కడితో ఆగేవారు. వదిన డబ్బు కట్టి పేపరు మళ్లీ దిద్దమంది. "మీ జవాబును పుస్తకంలోని జవాబుతో మరల సరిచూడడమైనది. మార్పు లేదు" అని ఉత్తరమొచ్చింది. అప్పుడు పుస్తకం వేసినవాళ్లకి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. ఏ లారీ డ్రైవరుకీ రాయనంత మర్యాదగా, గొడుగు గొడుగూ లెక్కగట్టి రాసింది. మేమెవ్వరం జవాబొస్తుందనుకోలేదు. వచ్చింది! "తమరి సూచనకు కృతజ్ఞతలు. కొత్త ముద్రణలో సవరించితిమి" అని, దానితోపాటు కొత్త పుస్తకం ఒకటి ఉచితంగా!

ఆ రోజు ఇల్లు ఇల్లంతా పండగే. సవరించారంటే తప్పని ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే ఎనిమిది మార్కులు కలుస్తాయి. ముప్పై ఐదుకి ఎనిమిది కలిపితే నలభై మూడు. వదిన అప్పటికప్పుడు పరీక్షల ఆఫీసుకి ఒక అర్జీ కూడా మనసులో రాసేసుకుంది. అన్నయ్య పుస్తకం లాక్కుని గబగబా చివరి పేజీ తిప్పాడు.

37కి ఎదురుగా 200 అనే ఉంది.

మళ్లీ చూశాడు. 200. ఇదేం సవరణరా బాబూ అని ముందుకు తిప్పి లెక్క తీశాం. ఒక వ్యాపారి గొడుగును మూడు వందలకు కొని ఐదు వందలకు అమ్మును. షాపు అద్దె, జీతాలు కలిపి నెలకు నలభై వేలు.

అర్థమైందా? జవాబు మార్చలేదండీ. ప్రశ్న మార్చారు! ఇప్పుడు రెండొందలు నూటికి నూరుపాళ్లు ఒప్పు. వదిన అర్జీ పెట్టనే పెట్టింది. పరీక్షల ఆఫీసువాళ్లు కొత్త పుస్తకం తిరగేసి, "మీరు పేర్కొన్న పొరపాటు పుస్తకంలో కనిపించుట లేదు" అని జవాబు రాశారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఎవరి మీదా మాట పడలేదు. మాస్టారు తప్పు చెప్పినవాడు కాడు, పుస్తకం తప్పు వేసినది కాదు, పేపరు దిద్దినవాళ్లు తప్పు దిద్దినవాళ్లు కారు. అంతమంది పరువు ఒక్క అంకెతో కాపాడారు. వరం కాకపోతే ఏమిటండీ ఇది?

నేను ఆ ముక్కే వదినతో అన్నాను, కొంచెం నవ్వించుదామని. ఆవిడ ఆ పేజీ వంక చూస్తూ నెమ్మదిగా, "పోనీలే మరిదిగారూ, గొడుగుల ఆయనకి అద్దె ఇరవై వేలు తగ్గింది" అంది. నిజంగానే సంతోషపడింది. ఆ సంతోషం చూడలేక నేను బయటికొచ్చేశాను.

వదినకి పోయిన నెలతో నలభై ఐదు నిండాయి. పొద్దున్న ఎనిమిదింటికి లారీ వస్తుంది. పదికొకటి చొప్పున పెట్టె విప్పుతోంది, నిలబడి లెక్కపెడుతోంది. ఎప్పుడూ లేని మనిషికి, ఎక్కడా లేని షాపుకి, ఒక్క ఉత్తరం ముక్కతో నెలకు ఇరవై వేలు తగ్గించి ఇచ్చిన దయామయులండీ వాళ్లు. ఉన్న మనిషికి ఎనిమిది మార్కులు వేయలేకపోయారు.