క్లీనింగ్ చార్జీలు వర్ధిల్లాలి!

ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఓనరు మీ అడ్వాన్సులోంచి క్లీనింగ్ చార్జీలు కోసుకున్నాడా? అదృష్టవంతులు! గొడవ పడకండి. కేసులు వెయ్యకండి. ఎంత డబ్బు పోసినా బయట దొరకని మర్యాద ఒకటి మీకు అక్కడ దొరికింది.

ఏం మర్యాద అంటారా? చెబుతాను.

నేనూ మా ఆవిడా ఆ రెండు గదుల ఇంట్లో పదకొండేళ్లు ఉన్నాం. వంటింటి కుళాయి కారుతోందని మూడేళ్లు చెప్పాం. వచ్చి చూడటానికి ఓనరుకు తీరిక లేదు. బాత్రూం తలుపు కింది చెక్క పుచ్చి ఊడిపోయింది. దానికీ తీరిక లేదు. ఖాళీ చేసిన రోజున మాత్రం వచ్చాడు. టార్చిలైటు పట్టుకుని మరీ వచ్చాడు! మోకాళ్ల మీద కూర్చుని సింకు కింద చూశాడు. తలుపుల వెనక చూశాడు. స్విచ్చుబోర్డును వేలితో రాసి, ఆ వేలిని వెలుగులో పెట్టి చూసుకున్నాడు. పదకొండేళ్లలో మా కాపురాన్ని అంత శ్రద్ధగా చూసిన చుట్టం ఒక్కడు లేడు.

"క్లీనింగ్ అయ్యాక లెక్క తేల్చుకుందాం పెద్దాయనా" అని తాళాలు తీసుకున్నాడు.

మూడో రోజున పిలిచాడు. టైపు చేయించిన కాగితం చేతికిచ్చాడు. కోత మొత్తం పన్నెండు వేలు.

ఆ పన్నెండు వేలూ ఉంటేనే మా కొత్త ఇంటి అడ్వాన్సు నిండుతుంది. ఆదివారంలోగా కట్టకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నారు. అప్పటికే మా సామానంతా బావమరిది వరండాలో పట్టా కింద ఉంది. మేమూ అక్కడే ఉన్నాం. అయినా కాగితం చదువుతుంటే నాకు గౌరవమే కలిగింది.

వంటింటి జిడ్డుది పెద్దపీట. కిటికీ అద్దాలు నాలుగు తుడిచినందుకు రెండు వేలు. ఆ ఇంట్లో ఉన్న అద్దాలు మూడే. నాలుగోదాని చోట మేం దిగిన నాటినుంచీ అట్టముక్కే ఉంది. తాళాలు బాగుచేసే పని నాది. చెయ్యి ఊరుకోక, వెళ్లేముందు తలుపుల మడతబందులన్నిటికీ నూనె వేశాను, కిర్రుమనకుండా ఉంటాయని. అది 'నూనె మరకలు' అయి వెయ్యి పలికింది. అన్నిటికన్నా కింద 'వాసన: పదిహేను వందలు' అని ఉంది.

"ఏం వాసన బాబూ?" అన్నాను.

"మనుషులున్న వాసనండీ. కొత్తగా దిగేవాళ్లకి బాగోదు."

చూశారా! మీరు బతికి ఉన్నారని గమనించి, దాన్ని కాగితం మీద పెట్టి, ధర కూడా కట్టే మనిషి ఇంకెక్కడ దొరుకుతాడు?

ఈ పద్ధతి ఇళ్లతో ఆగిపోకూడదని నా మనవి. రైలు దిగేవాడి దగ్గర సీటు వేడెక్కించినందుకు కొంత కొయ్యాలి. ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లేవాడి దగ్గర దిండు నొక్కుకుపోయినందుకు కొంత. రిటైరయ్యేవాడి దగ్గర ఇన్నేళ్లూ పీల్చిన ఆఫీసు గాలికి కొంత. మనిషన్నవాడు ఎక్కడున్నా ఏదో ఒకటి అరగదీస్తాడు. ఊరికే వదిలేస్తే ఎలా?

ఇక మా ఆవిడ సంగతి. ఆవిడ ఇళ్లు శుభ్రం చేసే కంపెనీలో కూలికి వెళ్తుంది. ఏం పని చేస్తుందని ఓనరు ఏనాడూ అడగలేదు. ఖాళీ చేసేముందు మూడు రోజులు ఆ ఇంటిని రుద్దిందే రుద్దింది. టైల్సు సందులు పాత టూత్‌బ్రష్షుతో తోమింది.

"వదిలేసి పోయే ఇంటికి ఎందుకే ఇంత చాకిరీ?" అన్నాను.

"మన వెనక ఎవరూ ఓ మాట అనకూడదయ్యా. ముందు నువ్వా బకెట్ అందుకో."

తాళాలిచ్చిన మర్నాడు కంపెనీవాళ్లు మా ఆవిడ ఫోనుకు ఒక అడ్రసు పంపారు. అది మా ఇల్లే! ఓనరు పని అప్పజెప్పింది ఆ కంపెనీకే. వచ్చేదెవరో ఆయనకు తెలియదు. ఖాళీ చేసిందెవరో కంపెనీకి తెలియదు.

అక్కడ శుభ్రం చెయ్యడానికి ఏముంది? కానీ ఆ కంపెనీకి ఒక రూలుంది. పనికి ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో పంపాలి. ముందు ఫొటోలో మురికి కనపడకపోతే ఆ రోజు కూలి లేదు. ఆవిడ సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది.

"ఇక్కడ మురికి లేదు తమ్ముడూ. అంతా తోమేసి ఉంది."

"తోమేసుంటే నీకు డబ్బులెందుకిస్తారక్కా? ఫొటో రావాలి. ఎలాగో నువ్వే చూసుకో."

చూసుకుంది. మెట్ల మీంచి చేటెడు దుమ్ము ఎత్తుకొచ్చి గదిలో పరిచింది. మాడిన గిన్నె కడిగిన నీళ్లు పక్కవాటా ఆవిణ్ణి అడిగి తెచ్చి పొయ్యి గట్టు మీద పోసింది. ఫొటో తీసింది. అంతా మళ్లీ కడిగింది. మళ్లీ ఫొటో తీసింది. సాయంత్రం నాలుగు వందలతో వచ్చి ఇదంతా చెబితే, వరండాలో కూర్చుని ఇద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం.

లెక్క చూపించిన రోజున ఓనరు కంపెనీ పంపిన ఆ మొదటి ఫొటోనే నా మొహం ముందు పెట్టాడు.

"ఏంటండీ ఇది? మనుషులుండే ఇల్లేనా?"

"అది మేం చేసింది కాదు బాబూ. ఆ రోజు టార్చిలైటేసి మీరే చూశారుగా."

"మరెవరు చేశారు? చెప్పండి!"

జవాబు నా దగ్గరుంది. పెళ్లినాటి నుంచీ నా దగ్గరే ఉంది. చెబితే పన్నెండు వేలు వస్తాయి. ఆవిడ పని పోతుంది. కాగితం మీద సంతకం పెట్టాను.

ఓనరు మెత్తబడ్డాడు. రెండో ఫొటో కూడా చూపించాడు.

"కంపెనీ నుంచి ఎవరో పెద్దావిడ వచ్చిందట. చూడండి, అద్దంలా చేసిపెట్టింది! ఇలాంటి మనిషి మీ ఇంట్లో ఒక్కరుండుంటే మీకీ నష్టం వచ్చేదా?"

"నిజమే బాబూ" అన్నాను.

వరండాకు వచ్చి చెప్పాను. ఈసారి ఆవిడ నవ్వలేదు.

"చెప్పావా, అది నేనేనని?"

"లేదు."

ఆ ఫొటోలు ఎందుకు తీయిస్తారో, ఎవరికి చూపిస్తారో ఆవిడకు అంతవరకూ తెలియదు.

"ఇంతకుముందు కూడా ఇలా దుమ్ము తెచ్చి పోశావా?" అని అడిగాను.

"ఇల్లు కడిగి అప్పగించే పిచ్చివాళ్లం మనమొక్కళ్లమేనా ఏంటి?" అంది.

ఫొటోల రూలు వచ్చి ఆరేళ్లయింది.

కాబట్టి పాఠకులారా, ఈ ఆరేళ్లలో మీ అడ్వాన్సుకు కోత పడి, ఫొటోలో ఉన్న మురికి మీది కాదని మీకెక్కడైనా అనుమానం ఉంటే, ఆ అనుమానం నిజం కావచ్చు. మా ఆవిడే మోసుకొచ్చి ఉంటుంది. మీ మీద వేసిన ఆ నిందతోనే మేం ఇన్నాళ్లూ బియ్యం కొనుక్కున్నాం. తిట్టాలనుకుంటే తిట్టండి. ఆదివారం దాటిపోయింది, ఆ కొత్త ఇల్లు చెయ్యిజారింది. బావమరిది వరండాలోనే దొరుకుతాం.

వచ్చేటప్పుడు ఒక్క సంగతి కనుక్కుని రండి. పన్నెండు వేలలో నాలుగు వందలు తోమిన మనిషికి ఇచ్చారు. మిగతా పదకొండు వేల ఆరు వందలతో ఏం తోమారు? మా ఆవిడ అడుగుతోంది.